ముదిమి – జ్వరము – నెత్తురు



ఇంట పెద్దవారికి దగ్గు, పడిశములతో కూడిన జ్వరము తగిలినప్పుడు మనము సామాన్యముగా కనిపెట్టి చూచునది ఒంటి వేడిని. ఒళ్లు చల్లబడి, దగ్గు సద్దుమణిగి, రోగి నాలుగు ముద్దలు పథ్యము తినగానే గండము గడచినదని తలచి, విశ్రాంతి తీసికొండని ఆయనను మంచమునకు అప్పగించి, ఎవరి పనులలో వారు పడుదుము. కాని శ్వాసకోశమున జొచ్చిన వైరస్సు తన ఉద్ధృతిని తగ్గించుకొనిన పిమ్మట సైతము వృద్ధుల రక్తమునందు ఒక అపాయము కొన్ని వారములపాటు పొంచియుండుననియు, అది గుండెపోటుగానో, పక్షవాతముగానో, కాలి సిరలో పుట్టి రక్తప్రవాహమున కొట్టుకొనిపోయి ఊపిరితిత్తుల నాళమున అడ్డుపడిన నెత్తురుగడ్డగానో బయటపడవచ్చుననియు వైద్యశాస్త్రము నేడు నిస్సందేహముగా చెప్పుచున్నది. వైద్యులకు ఈ సంగతి పూర్వమునుండి కొంత తెలిసినదే యైనను, 2020వ సంవత్సరమున వచ్చిపడిన కోవిడ్ మహమ్మారి దానిని లోకమునకెల్ల కన్నులకు కట్టినట్లు చూపినది. ఆ గడ్డలు ఎందువలన ఏర్పడునో, ముదిమియందే అవి ఎందుకు హెచ్చుగా బాధించునో, వాని విషయమున మనము వహింపవలసిన జాగ్రత్త ఎట్టిదో నేటి ప్రసంగమున విచారింతము.

మొట్టమొదట గ్రహింపవలసినది, రక్తము గడ్డకట్టుట స్వభావముచేత దోషము కాదనుట. కత్తిపీట తగిలి వ్రేలు తెగినప్పుడు కొన్ని నిమిషములలో నెత్తురు తనంతట తాను ఆగకున్నచో మానవజాతి ఇన్ని వేల యేండ్లు బ్రతికియుండెడిది కాదు. నాళము తెగినచోటికి మొదట ప్లేట్‌లెట్లు అను సూక్ష్మకణములు వచ్చి చేరును. రక్తము గడ్డకట్టుటలో వీని పాత్రను 1882లో ఇటలీ దేశమునందలి ట్యూరిన్ నగరమున బిజోజెరో అను శాస్త్రజ్ఞుడు వివరించెను. తదుపరి, రక్తమున కరగియుండు ఫైబ్రినోజెన్ అను ప్రోటీను త్రాంబిన్ అను మరియొక ప్రోటీను యొక్క ప్రేరణచేత ఫైబ్రిన్ అను సన్నని పోగులుగా మారి, వలవలె అల్లుకొని, ఆ కణములను పట్టి నిలుపును. మన డెల్టా జిల్లాలలో కాలువగట్టుకు గండి పడినప్పుడు ఊరివారందరు కంపయు, గడ్డియు, మన్నును తెచ్చి పోసి గండిని పూడ్చుదురు గదా. ఆ కంపయు ఆ మన్నును కాలువ నడుమ పడి పేరుకొనిపోయినచో, గట్టును కాపాడిన వస్తువే దిగువ ఆయకట్టునెల్ల ఎండబెట్టును. నాళము వెలుపలికి నెత్తురు పోకుండ ఆపు గడ్డకును, నాళములోపల నెత్తురు పారకుండ ఆపు గడ్డకును గల భేదము ఇంతమాత్రమే. గాయము మానిన వెనుక ప్లాస్మిన్ అను మరియొక ద్రవ్యము ఈ ఫైబ్రిన్ పోగులను తెంచి గడ్డను కరగించును. అట్లు తెగిన తునుకలలో ఒకదానినే డీ-డైమర్ అందురు. కోవిడ్ కాలమున ఆసుపత్రి వరండాలలో రోగుల బంధువుల నోట విరివిగా వినవచ్చిన మాట ఇదియే.

నాళములలోపల రక్తము ఏల గడ్డకట్టునను ప్రశ్నకు శాస్త్రీయమైన సమాధానమునకు పునాది వేసినవాడు జర్మనీ దేశీయుడగు రుడాల్ఫ్ వీర్షో. 1821లో జన్మించి 1902లో గతించిన ఈ మహావైద్యుడు, శవపరీక్షలయందు ఊపిరితిత్తుల ధమనులలో కనబడు గడ్డలు పెక్కు అక్కడ పుట్టినవి కావనియు, దూరమునందలి సిరలలో పుట్టి, తెగిపోయి, గుండె కుడిభాగము గుండ ప్రయాణముచేసి వచ్చినవనియు 1846 ప్రాంతమున నిరూపించెను. పదేండ్ల తరువాత, 1856లో, ఈ విషయమును గూర్చిన తన పరిశోధనల నన్నింటిని ప్రచురించెను. రక్తము నిలకడగా నుండుట, నాళపు గోడ చెడుట, రక్తమునందే గడ్డకట్టు ప్రవృత్తి పెరుగుట అను మూడు కారణములను ఒక్కచోట చేర్చి తదనంతరకాలపు వైద్యులు ఆయన పేరనే వ్యవహరించుచున్నారు. నేటి వైద్యవిద్యార్థి సైతము గడ్డను గూర్చి ఆలోచించునపుడు ఈ మూడింటితోనే ప్రారంభించును.

ఇక ముదిమివైపు చూతము. వయస్సు పైబడిన శరీరమున ఈ మూడు కారణములును, ఏ వ్యాధియు లేకయే, కొంచెము కొంచెముగా కూడుకొనుచుండును. ఫైబ్రినోజెన్, ఎనిమిదవ స్కందనకారకము, వాన్ విల్లిబ్రాండ్ కారకము అను, గడ్డకట్టుటకు తోడ్పడు ద్రవ్యములు ఏండ్లు గడచినకొలది రక్తమున పెరుగును. గడ్డను కరగించు శక్తిని అడ్డగించు ద్రవ్యములును పెరుగును. నాళముల లోపలి పొర నున్నదనమును, సాగుడుగుణమును కోల్పోవును. నడక తగ్గును. పిక్కల కండరములు బిగిసినప్పుడెల్ల కాళ్లలోని రక్తమును గుండెవైపు నెట్టుచుండును గాన, పిక్కలు బలహీనపడిన కొలది ఆ రక్తము సిరలలో మందగించును. ఈ కారణములచేతనే, సిరలలో గడ్డలు ఏర్పడుట మొత్తము జనులలో ఏడాదికి వేయిమందికి ఒక్కరిలో మాత్రమే కనబడుచుండగా, ఎనుబది దాటినవారిలో ఇంచుమించు నూటికి ఒక్కరిలో కనబడుచున్నది.

అయితే ముదిమియే వ్యాధియని దీనికి అర్థము కాదు. ఇటలీ దేశపు పరిశోధకులు 1995లో ప్రకటించిన యొక పరిశీలనయందు, నూరేండ్లు నిండియు ఆరోగ్యముగా తిరుగాడుచున్న శతాయుష్కుల రక్తమున గడ్డకట్టు ప్రవృత్తిని తెలుపు సూచకములు మిక్కిలి హెచ్చుగా కనిపించినవి; అయినను వారు నిక్షేపముగా నుండిరి. పెరిగిన ప్రవృత్తితోనే వారి శరీరము ఒక విధమైన సమత్వమును సాధించుకొనినదన్నమాట. ఆ సమత్వము చెడనంతవరకు భయము లేదు. కాని పడుచువానికి అటునిటు తొణకుటకు చాలినంత వెసులుబాటుండగా, వృద్ధునికి ఆ వెసులుబాటు స్వల్పము. ఒక్క అదనపు బరువు పడినచో త్రాసు ఒరగును. అట్టి బరువే శ్వాసకోశమున సోకిన వైరస్సు.

వైరస్సు ఊపిరితిత్తులలో ప్రవేశించినప్పుడు శరీరము దానిపై యుద్ధము ప్రకటించును. ఆ యుద్ధమున రక్తము గడ్డకట్టుటయు ఒక ఆయుధమే; సూక్ష్మనాళములలో చిన్నచిన్న గడ్డలను కల్పించి, శత్రువును ముందుకు సాగనీయక బంధించుట రోగనిరోధకశక్తి యొక్క ప్రాచీనవ్యూహములలో ఒకటియని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. తెల్లకణములలో కొన్ని తమ గర్భమునందలి డీఎన్ఏ పోగులను వెలికి గ్రక్కి వలలు పన్నును. ఆ వలలపై ప్లేట్‌లెట్లును ఫైబ్రిన్‌ను వచ్చి పేరుకొనును. ఊపిరితిత్తులలోని గాలిగదులను చుట్టుకొని యుండు కేశనాళికల లోపలి పొర, మామూలుగా రక్తమును గడ్డకట్టనీయని గుణము కలదియే యైనను, ఈ సంక్షోభమున దెబ్బతిని, గడ్డలను ఆహ్వానించునదిగా మారిపోవును. కాలేయము జ్వరతాపమునకు ప్రతిస్పందించి ఫైబ్రినోజెన్‌ను ఇంకను హెచ్చుగా తయారుచేయును. వీనికి తోడు రోగి మంచము పట్టును. దప్పిక తెలియక నీరు త్రాగడు. వీర్షో పేరిట చెప్పబడు కారణములు మూడును ఒక్క వారములో ఒక్క దేహమున ఇట్లు సంపూర్ణముగా కూడుకొనును.

2020 ఫిబ్రవరిలో చైనాలోని వూహాన్ నగరమునుండి వెలువడిన యొక నివేదిక ఈ విషయమున వైద్యలోకమును తొలుత మేల్కొలిపినది. 183 మంది కోవిడ్ రోగులను పరిశీలింపగా, మరణించినవారిలో నూటికి 71 మందికి పైగా రక్తస్కందనవ్యవస్థ దేహమంతట అదుపు తప్పిన లక్షణములు కనబడినవి. బ్రతికినవారిలో అట్టి లక్షణములు నూటికి ఒక్కరికైనను లేవు. అదే సంవత్సరము జర్మనీలోని హాంబర్గ్ నగరమున కోవిడ్‌తో మరణించిన 12 మందికి శవపరీక్ష గావించినప్పుడు, వారిలో 7 గురి కాలి లోతుసిరలలో గడ్డలు బయటపడినవి. బ్రతికియుండగా ఆ గడ్డలున్నవని ఎవరికిని అనుమానమైన కలుగలేదు. నలుగురి మరణమునకు సిరలనుండి తెగివచ్చి ఊపిరితిత్తుల ధమనిని మూసివేసిన గడ్డయే సాక్షాత్కారణము. ఆ పండ్రెండుగురి మధ్యస్థవయస్సు 73 సంవత్సరములు. వీర్షో పనిచేసిన దేశముననే, ఆయన చూపిన మార్గముననే, శవపరీక్ష మరల ఒక సత్యమును చెప్పినది. మరియొక పరిశోధకబృందము కోవిడ్‌తో మరణించిన ఏడుగురి ఊపిరితిత్తులను, ఇన్‌ఫ్లుయెంజాతో మరణించిన ఏడుగురి ఊపిరితిత్తులతో పోల్చి చూడగా, కేశనాళికలలోని సూక్ష్మపు గడ్డలు కోవిడ్ రోగులలో 9 రెట్లు హెచ్చుగా నుండెను.

అట్లని ఇన్‌ఫ్లుయెంజా సాధువని అనుకొనరాదు. కెనడాలోని ఒంటారియో రాష్ట్రమున జరిగి 2018లో ప్రకటింపబడిన పరిశోధన ప్రకారము, పరీక్షలో ఇన్‌ఫ్లుయెంజా అని తేలిన తొలి 7 దినములలో గుండెపోటు వచ్చు అవకాశము మిగిలిన కాలముతో పోల్చగా సుమారు 6 రెట్లు పెరుగుచున్నది. గుండె నాళములలో ఏండ్లతరబడి కదలక మెదలక యున్న క్రొవ్వుపొర జ్వరోద్రేకమున పగిలి, దానిపై గడ్డ ఏర్పడుట ఇందుకు కారణము. శీతకాలమున ‘రొంపయే కదా’ అని మనము తేలికచేయు వ్యాధి వెనుక కొందరు వృద్ధులకు గుండెపోటు పొంచియుండునన్నమాట.

గడ్డలు ఇన్ని అనర్థములకు మూలమైనప్పుడు, రక్తమును పలుచబరచు మందును వీలైనంత హెచ్చుగా ఇచ్చివేసిన పోదా యని ఎవరికైన తోచును. మహమ్మారి తొలినాళ్లలో వైద్యులకును అట్లే తోచినది. ఈ మందులలో ప్రధానమైన హెపారిన్ చరిత్ర విచిత్రమైనది. 1916లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమున జే మెక్లీన్ అను వైద్యవిద్యార్థి, విలియం హొవెల్ అను ఆచార్యుని ప్రయోగశాలలో రక్తమును గడ్డకట్టించు ద్రవ్యములను వెదకుచు, కుక్క కాలేయమునుండి తీసిన సారమున అందుకు పూర్తిగా విరుద్ధమైన గుణమును చూచెను. 1930ల నాటికి కెనడాలోని టొరంటో నగరమునను, స్వీడన్ దేశమునను ఆ ద్రవ్యము శుద్ధిచేయబడి చికిత్సకు వాడదగినదైనది. నేడు ఆసుపత్రులలో పొట్టమీది చర్మమునకు దిగువగా సన్నని సూదితో ఇచ్చు ఎనాక్సపారిన్ ఈ హెపారిన్ సంతతియే.

కోవిడ్ రోగులకు దీనిని ఎంత మోతాదున ఇయ్యవలయునను ప్రశ్నపై పెక్కు దేశముల వైద్యులు కలిసి జరిపిన పరీక్షల ఫలితములు 2021లో వెలువడినవి. ఆసుపత్రిలో చేరియు ఇంకను విషమస్థితికి రాని 2,219 మందిలో, పూర్తి చికిత్సామోతాదు పొందినవారు, స్వల్పమోతాదు పొందినవారికంటె కొంత మేలుగా కోలుకొనిరి. కాని అప్పటికే విషమస్థితిలో నున్న 1,098 మందికి అదే పూర్తి మోతాదు మేలు చేయలేదు. ఒకే మందు, ఒకే వ్యాధి, ఒకే మోతాదు. సమయము మాత్రము వేరు. వ్యాధి ముదిరిన పిమ్మట గడ్డలు అప్పటికే పాతుకొనిపోయి యుండుటయు, రక్తస్రావభయము పెరుగుటయు ఇందుకు కారణములని వైద్యులు తర్కించుచున్నారు. ఆస్పిరిన్ విషయమున ఫలితము ఇంకను నిరుత్సాహకరము. బ్రిటన్‌లో ఇంచుమించు 15,000 మంది కోవిడ్ రోగులపై జరిగిన పరీక్షలో అది మరణములను తగ్గింపలేకపోయినది, రక్తస్రావమును మాత్రము కొంచెము పెంచినది.

ఇందువలన తేలునదేమన, ఇది మితము నెరిగి చేయవలసిన చికిత్స. వృద్ధులయందు ఈ మితము మరింత సున్నితమైనది. ఏలయన, గడ్డలు ఎవరికి హెచ్చుగా ఏర్పడునో, మందువలన నెత్తురు ఎవరికి హెచ్చుగా స్రవించునో, ఆ ఇరువురును ఒక్కరే. వయస్సుతో మూత్రపిండముల శక్తి తగ్గును. ఎనాక్సపారిన్ ముఖ్యముగా వానిద్వారా వెలుపలికి పోవలయును గాన, మోతాదు తగ్గింపనిచో అది దేహమున నిలువచేరి పొట్టలోనో మెదడులోనో రక్తస్రావమునకు దారితీయును. గుండెలయ తప్పినందుననో, కవాటము మార్చినందుననో మునుపే వార్ఫరిన్ వంటి మాత్రలు వాడుచున్నవారి సంగతి మరియు చిక్కైనది. జ్వరముచేత నోరు చేదై తోటకూర, గోంగూర వంటి ఆకుకూరలను మానివేసినచో వానినుండి లభించు ‘కె’ విటమిను కొరవడి అదే మాత్ర బలముగా పనిచేయును. దానికి తోడు కొన్ని యాంటీబయాటిక్ మందులు దాని శక్తిని ఇంకను పెంచును. అందుచేత ఆ మాత్రలు వాడువారికి జ్వరము వచ్చినప్పుడు రక్తపరీక్ష మరల చేయించుట అవసరము. నొప్పులకని దుకాణములో కొని మ్రింగు డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు వీరికి ప్రమాదకరములు. జ్వరమునకు పారాసెటమాల్ చాలును.

డీ-డైమర్ సంఖ్యను చూచి బెంబేలుపడువారికి ఒక మాట. ముదిమియందు అది సహజముగానే కొంత పెరుగును గనుక, ఊపిరితిత్తులలో గడ్డ లేదని నిశ్చయించుటకు వైద్యులు, ఏబదియేండ్లు దాటినవారి విషయమున, వయస్సును పదితో గుణించిన సంఖ్యను హద్దుగా గైకొనుచున్నారు. లీటరుకు ఇన్ని మైక్రోగ్రాములను లెక్కలో సామాన్యుని హద్దు 500 కాగా, డెబ్బదియెనిమిదేండ్ల వృద్ధునికి అది 780 అగును. పరీక్షాపత్రమున ఎఱ్ఱసిరాతో అచ్చైన అంకె ఒక్కటే రోగనిర్ణయము కాజాలదు. రోగిని, రోగి లక్షణములను చూచిన పిమ్మటనే దానికి అర్థము కలుగును.

లక్షణములలో మొదట చూడదగినది కాలు. ఒక్క కాలు మాత్రము వాచి, పిక్క నొచ్చుచు, వేడిగా నున్నచో లోతుసిరలో గడ్డ యున్నదేమో యని శంకింపవలయును. అట్టి కాలిని నూనె రాచి మర్దన చేయుట మన ఇండ్లలో ప్రేమతో చేయు పనియే యైనను, అది గడ్డను తెంచి ఊపిరితిత్తులకు పంపు ప్రమాదము కలదు గాన, వైద్యుడు చూచువరకు ఆ కాలిని పిసుకరాదు. జ్వరము తగ్గిన పిమ్మట హఠాత్తుగా ఆయాసము పెరిగినను, ఊపిరి పీల్చినప్పుడు రొమ్ములో పోటు పొడిచినను, కఫమున నెత్తురు పడినను, మూతి వంకరపోయినను, చేయి పట్టుతప్పినను, మాట తడబడినను తెల్లవారనిమ్మని వేచియుండక ఆసుపత్రికి కొనిపోవలయును. వృద్ధులలో కొందరికి ఈ లక్షణములు స్పష్టముగా కనబడవు. నిలబడగనే సొమ్మసిల్లుట, ఉన్నట్టుండి మతి స్థిమితము తప్పి ఇంటివారిని గుర్తింపలేకపోవుట మాత్రమే కనబడవచ్చును. దానిని ‘ముసలితనపు చాదస్తము’ అని త్రోసివేయుటవలన విలువైన గంటలు వ్యర్థమగును.

నివారణవిషయమున ఇంటివారు చేయదగినది తక్కువేమియు కాదు. లంఖణము పరమౌషధమని మన పెద్దలు చెప్పుదురు. ఆహారవిషయమున అది ఎట్లున్నను, నీటి విషయమున లంఖణము కూడదు. వృద్ధులకు దప్పిక తెలియుట తగ్గును గనుక, వారు అడుగువరకు ఆగక, గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు గలవారికి వైద్యుడు విధించిన మితమును పాటించుచు, గంజియో, మజ్జిగయో, కాచి చల్లార్చిన నీరో కొంచెము కొంచెముగా ఇయ్యవలయును. ఒంట్లో ఓపిక వచ్చిన మొదటి దినమునుండియే కుర్చీలో కూర్చుండబెట్టి, ఇంటనే నాలుగడుగులు నడిపింపవలయును; లేవలేనివారు మంచముననే పాదములను పైకి క్రిందికి ఆడించుచుండిన పిక్కలలో రక్తము కదలుచుండును. ఏటేట ఇన్‌ఫ్లుయెంజా టీకాను, వైద్యుని సలహాపై కోవిడ్ టీకాను వేయించుకొనుట మరియొక రక్ష. బంగ్లాదేశ్‌తో సహా 8 దేశములలో జరిగి 2021లో ప్రకటింపబడిన పరీక్షలో, ఆసుపత్రిలో గుండెజబ్బుకు చికిత్స పొందిన వెంటనే ఇన్‌ఫ్లుయెంజా టీకా వేయించుకొనినవారిలో ఏడాదిలోగా మరణించినవారు నూటికి 2.9 మంది, ఉత్తుత్తి సూది వేయబడినవారిలో 4.9 మంది. వీరిలో పెక్కుమంది గుండెపోటుకు గురియైనవారే. ఇన్‌ఫ్లుయెంజాకు వేయు సూది గుండెకు మేలుచేసినదని వినువారికి ఆశ్చర్యము కలుగవచ్చును గాని, ఇంతసేపు మనము విచారించిన విషయమునుబట్టి చూడగా అందు ఆశ్చర్యపడవలసినది లేదు.

కడపట ఒక విషయము. స్వీడన్ దేశమున పదిలక్షలకు పైగా కోవిడ్ సోకినవారిని పరిశీలించి 2022లో ప్రకటించిన లెక్కప్రకారము, కాలిసిరలలో గడ్డల ప్రమాదము 70 దినములవరకును, ఊపిరితిత్తులలో గడ్డల ప్రమాదము 110 దినములవరకును, రక్తస్రావపు ప్రమాదము 60 దినములవరకును హెచ్చుగనే యుండెను. గడ్డయు, స్రావమును రెండును ఒకే కాలమున వెంటాడుచున్నవని ఈ లెక్కయే చెప్పుచున్నది. కావున ఆసుపత్రినుండి ఇంటికి వచ్చునాడు, రక్తమును పలుచబరచు మందు ఇంకను వాడవలయునా, వాడినచో ఎన్నాళ్లు వాడవలయును, మూత్రపిండముల పరీక్షను ఎన్నడు మరల చేయింపవలయును అని వైద్యుని అడిగి, ఆయన చెప్పినది కాగితముపై వ్రాయించుకొని రండు. పొరుగింటివారికి మేలుచేసినదని ఆ మందును మీరు మొదలుపెట్టవలదు. జ్వరము తగ్గినదని వైద్యుడు వ్రాసిన మందును మీరు మానవలదు. రోగి పూర్తిగా కోలుకొనినాడని చెప్పుటకు జ్వరమాపకము ఒక్కటే చాలదు. ఆయన కాళ్లు, ఆయన ఊపిరి, ఆయన నడక మూడు నాలుగు నెలలపాటు ఇంటివారి దృష్టిలో ఉండవలయును.